నూటపదమూడు పాళ్ళు

ఏటుకూరు రోడ్డులో కారం మిల్లు, దాని మీద మేడగది నాది.
కింద ఖాసింబీ మర ఆడిస్తుంది.
పైన నేను లెక్క ఆడిస్తాను.
సాయంత్రానికి ఇద్దరి కళ్ళూ ఒకే ఎరుపు.

నా లెక్కా ఆమె సరుకు గురించే.
మిరపలో మంటై కూర్చున్న ఆ ఒక్క అణువు,
నలభై తొమ్మిది పరమాణువుల సంసారం.
ఒక్కో పరమాణువు చుట్టూ ఎలక్ట్రాన్ మబ్బు,
మబ్బు నట్టనడుమ మొన,
మిరపకాయ కొసలాగా.

నా దగ్గర మొనలు లేవు.
ఉన్నవల్లా గాసియన్ గుట్టలు:
నెత్తి నున్నన, తోక పొట్టి.
పది పేర్చినా వంద పేర్చినా మొన తేలదు.
మరెందుకు వాటితో వేగడమంటే,
రెండు గుట్టల్ని గుణిస్తే మళ్ళీ గుట్టే పుడుతుంది,
ఆ రెంటి మధ్యే ఎక్కడో సర్దుకుంటుంది.
లెక్క ఊరు దాటిపోదు.

మొన్న కరెంటు పోయింది.
మర ఆగింది, నా యంత్రమూ ఆగింది.
కాగితాలతో విసురుకుంటూ మెట్ల మీద కూర్చున్నాను.
"ఏందమ్మా అవి, చిట్టాలా?" అంది ఖాసింబీ.

చెప్పాను.
గుట్టలు ఒక్కొక్కటీ విడిగా వదిలితే యంత్రం నెలలు తింటుందని,
అందుకని మూడేసి కలిపి, పాళ్ళు బిగించి,
ఒకే మూటగా మూతి కుట్టేస్తామని,
ఇక ఎన్ని చెంచాలన్నదే దానికి మిగిలిన పని అని.

"అదెంత! నేను చేసేదీ అదేగా.
ఘాటుకి తేజ, రంగుకి బాడిగ,
ఒంటికి మూడు ముప్ఫైనాలుగు.
పాళ్ళు నావి, కిలోలు వాళ్ళవి.
నీ పాళ్ళు చెప్పు."

హైడ్రోజన్ మూట చదివాను:
పదిహేను, యాభై మూడున్నర, నలభై నాలుగున్నర.

వేళ్ళ గణుపుల మీద కూడింది. ముఖం చిట్లించింది.
"నూటికి నూటపదమూడా? దొంగ తూకం."
నేను నోరు తెరిచేలోగా మళ్ళీ తనే,
"కాటాతోనా, డబ్బాతోనా?
డబ్బా అయితే సరే.
మూడూ పోసి కుదుపు,
సన్నపొడి గరుకుపొడి సందుల్లో దూరుతుంది.
నూరే నిలబడుద్ది."

ఒకదాంట్లోకి ఒకటి ఎంత చొచ్చుకుంటుందో చెప్పమని
ఇంటర్వ్యూలో నన్ను అడిగినప్పుడు
నల్లబల్ల నిండా రాసి కూడా ఇంత చెప్పలేకపోయాను.

హోటళ్ళకి వెళ్ళే బస్తాల మూతి ఆమె కుట్టేస్తుంది.
ఊరగాయ పెట్టేవాళ్ళకి మాత్రం
తేజ పొట్లం ఒకటి విడిగా కట్టిస్తుంది,
వాళ్ళ నూనె ఎంత అడుగుతుందో వాళ్ళకే ఎరుక అని.
మేమూ అంతే.
లోపలి ఎలక్ట్రాన్లు గడప దాటవు, వాటి మూట బిగువు.
బయటివి పక్కవాడితో చేతులు కలిపేవి,
వాటికో గుట్ట వదులుగా ఉంచాలి.

"ఈ పాళ్ళు ఎవరు తేల్చారు?"
ఒంటరి పరమాణువును అడిగి తెచ్చినవన్నాను.
పక్కన ఎవరూ లేనప్పుడు అది ఎలా ఉందో, అలా.

ఆమె కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత గుమ్మం పక్కనున్న టిక్కీ ఒకటి తెగకోసి
గుప్పెడు కాయలు వెలుగులోకి పట్టింది.
"ఈ ఏడు వానకి తేజలో తాలు పడింది.
పాత పాళ్ళకి నాలిక ఒప్పుకోదు.
విప్పాలి."

ఆ రాత్రి నేనూ విప్పాను, ఆక్సిజన్ మూట.
గంట పని మూడు రోజులైంది.
శక్తి కాస్త కిందికి దిగింది.
నిజం ఇంకా కిందే ఉంది.
మా లెక్క ఎన్నడూ నిజానికి పైనే,
ఈ మేడగదిలాగా.

నాలుగో తెల్లవారుజామున కింద మర మొదలైంది,
కొత్త పాళ్ళు.
టీ కోసం నడుచుకుంటూ పోయాను.
దూరం పెరిగేకొద్దీ నా గుట్టలు గబగబా చచ్చిపోతాయి,
చుట్టుగుంట సెంటరు దాకా
ఏదీ రాకూడదు.

అక్కడ ఆటో అతను తుమ్మాడు.
ముక్కు తుడుచుకుని, మిల్లు వైపు చూసి,
మళ్ళీ తుమ్మాడు.